వెళ్ళొస్తామన్న మాట

గీజరు మీద ఎర్రలైటు నిక్షేపంగా వెలుగుతోంది. నీళ్ళు మాత్రం మంచు కరిగి వస్తున్నట్టున్నాయి. మెకానిక్ తువ్వాలు భుజాన వేసుకుని, బకెట్లో ఒక వేలు ముంచి తీసి, ఆ లైటు వైపు కాసేపు చూశాడు. పాడైన యంత్రం పాడయ్యానని ఒప్పుకుంటే అతనికి కోపం రాదు. పని చేస్తున్నట్టు నటించే యంత్రాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

"స్క్రూడ్రైవరు ఎక్కడుంది?" అని భార్యని అడిగాడు.

"సెలవులకొచ్చిన వాళ్ళు స్క్రూడ్రైవరు వెతుక్కుంటారా ఎక్కడైనా?" అంది ఆవిడ, పాపకి స్వెట్టరు తొడుగుతూ.

"కార్లో పెట్టాను."

"తెలుసు. నేనే తీసి ఇంట్లో పడేసొచ్చాను."

వీధి చివర రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసే మనిషి అతను. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయి వీధికీ, చుట్టాలకీ, కోపమొచ్చినప్పుడు భార్యకీ కూడా మెకానిక్‌గానే మిగిలాడు. షెడ్డుకి తాళం వేసి నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఈ కొండ మీది రిసార్టుని ఎంచుకున్నది భార్య. రిసార్టు వాళ్ళ ప్రకటన ఆవిడకి పాఠం అప్పజెప్పినంత బాగా వచ్చు. కొండ జీవితాన్ని దగ్గరగా చూడండి, కొండ రుచులు తినండి, కొండ పండుగల్లో కలిసిపోండి, అని.

తీరా వచ్చాక చూసిందేమిటి? తిండి కింద ఊళ్ళో హోటల్లో దొరికేదే, కాకపోతే కారం రెట్టింపు. రాత్రి భోజనాల దగ్గర కొండవాళ్ళ నాట్యమన్నారు. టోపీలో ఈక గుచ్చుకుని గెంతినవాడు పొద్దున గదికి సబ్బు తెచ్చిచ్చిన మనిషే. బూట్లు చూసి మెకానిక్ గుర్తుపట్టాడు. వీళ్ళతో వచ్చిన మెకానిక్ తల్లి ముఖం చూసే గుర్తుపట్టి, నాట్యం మధ్యలో, "పాపం, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు బిడ్డ, కూర్చోమనరా," అంది.

ఆ తల్లి గురించి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. ఆవిడ ఎవరింటికి వెళ్ళినా, లోపల కూర్చున్నంతసేపు ఒక ఎత్తు, గుమ్మంలో సెలవు తీసుకునేంతసేపు ఒక ఎత్తు. చెప్పులు వేసుకున్నాకే అసలు కబుర్లు మొదలవుతాయి. ఇంటివాళ్ళు గేటు దాకా రావాలి, గేటు దగ్గర ఇంకోసారి ఆగాలి, ఆఖర్న ఈవిడ "వెళ్ళొస్తాం మరి" అనాలి. అది అనకుండా ఆవిడ ఏ గడపా దాటలేదు. పన్ను పీకిన డాక్టరుకి కూడా, దూది కరిచిపట్టిన నోటితోనే, "వెళ్ళొస్తాను బాబూ" అని చెప్పొచ్చింది. ఆ డాక్టరు పాపం, మళ్ళీ ఏ పన్నుకి వస్తుందో అర్థంకాక చీటీ మళ్ళీ చూసుకున్నాడు.

కోడలు పెరిగిన ఇంట్లో ఇన్ని పట్టింపుల్లేవు. "నేను బజారుకి పోతున్నా అత్తయ్యా" అనేస్తుంది. వెంటనే వంటింట్లోంచి పాఠం మొదలవుతుంది. "పోయేవి పీనుగలమ్మాయ్. మనుషులు వెళ్ళొస్తారు."

ఆఖరి రోజు మధ్యాహ్నం రిసార్టు గేటు బయట ఉన్ని టోపీలు అమ్మే ఒకావిడ దగ్గర భార్య బేరమాడుతూ, మాటల్లో తన గోడంతా వెళ్ళబోసుకుంది. టోపీలావిడ నవ్వి, చేత్తో పైకి చూపించింది.

"పండగ ఇక్కడెందుకుంటుంది? పైన ఊళ్ళో ఉంది. పంట ఇంటికొచ్చిందని ఇవాళ విందు. ఎవరొచ్చినా పెడతారు. తినండి. తిన్నాక పోతున్నామని చెప్పి పొండి."

"మాట మోటు," అని గొణిగింది తల్లి. "మనిషి మంచిదే."

మెకానిక్‌కి వెళ్ళాలని లేదు. చీకటి పడకముందే కొండ దిగిపోవాలి, తెల్లారితే షెడ్డు తియ్యాలి, ఎవరిదో ఇంజను సగం విప్పి ఉంది. కానీ ఈ నాలుగు రోజులూ దండగయ్యాయన్న మాట వచ్చే పండగ దాకా వినాల్సి వస్తుందని కూడా అతనికి తెలుసు. సామాను కారెక్కించి, పైకెళ్ళి, ఒక పూట తిని, అట్నుంచి అటే దిగిపోవచ్చనుకున్నాడు. పైకి ఉన్నది ఒకటే రోడ్డు. చీలికలు లేవు. తప్పిపోవడానికి వీల్లేని దారి.

ఎక్కుతుండగానే పొగమంచు మొదలైంది. మొదట చెట్ల కొనలు పోయాయి, తర్వాత చెట్లు పోయాయి, ఆఖరికి రోడ్డు అంచున కట్టిన తెల్ల రాళ్ళు మాత్రం ఒక్కొక్కటే ఎదురొచ్చి వెనక్కిపోతున్నాయి. పొయ్యి పొగ వాసన ముందు వచ్చింది. ఇల్లు తర్వాత కనిపించింది. రాతి గోడలు, కిందికి వాలిన కప్పు, ముందు విశాలమైన వాకిలి. పండగ ఇల్లంటే ఉండాల్సిన గోల ఏమీ లేదు. గుమ్మంలో ఒకావిడ గరిటె పట్టుకుని నిలబడి, రెండో చేత్తో లాంతరు వెలిగిస్తోంది.

"రండి," అంది ఇంటావిడ. "వేడిగా ఉంది. కూర్చోండి."

లోపల పొడుగాటి గదిలో పొట్టి బల్లలు వరసగా వేసి ఉన్నాయి. చాలామందే తింటున్నారు. తలలు దించుకుని, పళ్ళేల వైపే చూస్తూ తింటున్నారు. గది చివర ఇంకో గదికి ఉన్ని పరదా వేలాడుతోంది. దాని వెనకనుంచీ చెంచాల చప్పుడు వస్తోంది. మాటలు మాత్రం లేవు.

అయితే తిండి... ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి మెకానిక్ ముఖం విచ్చుకుంది. పొగ వాసన పట్టిన చిక్కటి చారు, బూడిదలో కాల్చిన దుంపలు, చేత్తో తుంచితే ఆవిరి వచ్చే రొట్టె, పక్కన ఇంత తేనె. పాప తేనె వేళ్ళు నాకేసింది. భార్య రెండోసారి చారు పోయించుకుని, "దీనికోసం వచ్చాను నేను," అంది. తల్లి గుమ్మానికి దగ్గర బల్ల మీద కూర్చుని, ఇంటావిడని పిల్లలెందరు, చలికి మోకాళ్ళు నొప్పి పెడతాయా అని అడిగింది. ఇంటావిడ మాత్రం పళ్ళెం ఖాళీ అవగానే వడ్డించింది. అంతే.

తిన్నారు, చేతులు కడుక్కున్నారు. గుమ్మంలో తల్లి అలవాటు ప్రకారం ఆగింది. ఇంటావిడ రెండు చేతులూ పట్టుకుని, "కడుపునిండా పెట్టావమ్మా. వెళ్ళొస్తాం మరి," అంది.

ఇంటావిడ ఆ మాట విని కొంచెం తల వంచింది. సరిగ్గా విన్నానా అని చూసినట్టు చూసింది.

"వస్తారా?"

"తప్పకుండా. వెళ్ళొస్తాం."

"సరే. వేడి చల్లారకుండా చూస్తాను."

కారు కదిలాక భార్య నవ్వింది. "ఆవిడ నిజమనుకున్నట్టుంది అత్తయ్యా."

"మర్యాద తెలిసిన మనిషి," అంది తల్లి.

దిగుడు రోడ్డు. మెకానిక్ రెండో గేరులో పెట్టి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచాడు. తెల్ల రాళ్ళు ఎదురొస్తున్నాయి. ఇలాంటి మంచులో కంటికి పల్లమూ మెరకా తెలియకపోవచ్చు. కాలికి తెలుస్తుంది. బండి బరువు ముందుకు తోస్తోంది. దిగుతున్నారు. ఒక మలుపు. ఇంకో మలుపు. పొయ్యి పొగ వాసన వచ్చింది. రిసార్టు వంటిల్లు దగ్గరపడిందనుకున్నాడు.

రాతి గోడ. వాలిన కప్పు. గుమ్మంలో గరిటె పట్టుకుని, లాంతరు వెలిగిస్తున్న ఇంటావిడ.

"వచ్చారా," అంది.

మెకానిక్ వైపరు వేసి మళ్ళీ చూశాడు.

"ఎక్కడో తిప్పేశారు మీరు," అంది భార్య.

"ఎక్కడ తిప్పాను? తిప్పడానికి రోడ్డేది?"

"మరి ఇక్కడికెలా వచ్చాం?"

"అదే నేనూ అడుగుతున్నా."

"నన్నడిగితే? దారి ఎవరినైనా అడగండంటే మీసం ఊడిపోతుందన్నట్టు చూస్తారు."

ఈలోగా తల్లి తలుపు తీసుకుని దిగిపోయింది. ఇంటి ముందు బండి ఆపి, దిగకుండా వెళ్ళిపోతే ఏం బాగుంటుంది? ఇంటావిడ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "మాట మీద నిలబడే మనిషివి," అంది. తల్లి మురిసిపోయింది. ఆవిడని లోపలికి తీసుకెళ్ళి, ఈసారి పొయ్యి పక్కన, గది మధ్య బల్ల మీద కూర్చోబెట్టారు.

మళ్ళీ చారు. మళ్ళీ రొట్టె. వద్దన్నా పళ్ళెంలో పడుతోంది. మెకానిక్ తినలేదు. కిటికీ బయట వెలుతురు ఇందాక ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. పొద్దు కుంకబోతూ ఆగిపోయినట్టుంది. అతను లేచి తల్లి రెక్క పట్టుకున్నాడు. "పద, ఆలస్యమైంది." తల్లి లేస్తూనే, నోటికి అలవాటైన మాట, "వెళ్ళొస్తాం అమ్మా" అనేసింది.

"రండి," అంది ఇంటావిడ.

ఈసారి మెకానిక్ కిటికీ అద్దం దించి, తల బయటపెట్టి నడిపాడు. మంచు చెవుల్లోకి దూరింది. పైకి ఎక్కే రోడ్డన్నది ఒక్క బెత్తెడు కూడా తగల్లేదు. అంతా దిగుడే. బ్రేకులు కాలిన వాసన కొట్టేంత దిగుడు. పాప వెనక సీట్లోంచి, "నాన్నా, మళ్ళీ తేనె పెడతారా?" అంది. అతను జవాబు చెప్పకముందే పొగ వాసన వచ్చింది...

గరిటె. లాంతరు. "వచ్చారా."

గానుగెద్దుకైనా తాను తిరుగుతున్నది గుండ్రంగానని తెలుస్తుంది. దిగి దిగి పైకి చేరడం ఏ లెక్కో అతనికి అంతుపట్టలేదు. స్టీరింగు చక్రాన్ని అరచేత్తో కొట్టాడు. ఇంజను ఆపి, మూత ఎత్తి, తప్పు అందులో ఉందేమోనన్నట్టు చూశాడు. అందులో ఏ తప్పూ లేదు. ఆ పాటికి తల్లి లోపల ఉంది. ఈసారి ఆవిడ బల్ల పరదాకి ఆనుకుని ఉంది.

అతను లోపలికి వెళ్ళి, చేతికందిన చోట కూలబడ్డాడు. పక్కన వెడల్పు కాలరు చొక్కా వేసుకున్న ఒక మనిషి తింటున్నాడు. అలాంటి కాలర్లు మెకానిక్ తన మేనమామ పెళ్ళి ఫోటోల్లో చూశాడు. ఆ మనిషి తల ఎత్తకుండానే, గుసగుసగా అన్నాడు.

"మొదట మేమూ దారి తప్పామనే అనుకున్నాం."

మెకానిక్ అతని వైపు తిరిగాడు.

"ఇటు చూడకండి. తింటున్నట్టు ఉండండి." చెంచా చారులో తిప్పుతూనే ఉన్నాడు. "పెళ్ళైన కొత్త. నేనూ మా ఆవిడా పండగ చూద్దామని వచ్చాం. వెళ్ళొస్తాం అన్నాం. అన్నాక రావాలి కదా. ఇక్కడ మాటంటే మాటే."

"మీ ఆవిడేది?"

"తిరిగి తిరిగి ఆవిడకి విసుగొచ్చింది. నా మీద కోపంతో గుమ్మంలో నిలబడి, 'నేను పోతున్నా' అంది. పోయింది. నేను వెనకాలే పరిగెత్తాను. 'వస్తున్నా, వస్తున్నా' అంటూ." అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "అలా ఉండిపోయాను."

"ఇప్పుడు అనండి మరి. పోతున్నానని."

"లోపలికి పిలిచారు నన్ను. పరదా అవతలికి వెళ్ళాక ఇక మన గొంతు ఈ ఇంటివాళ్ళకి వినపడదు. బల్లల దగ్గర తినే మనిషి తక్కువైతే ఇలా ఇవతలికి పంపుతారు. ఎంత అరిచినా చారే పోస్తారు." చెంచా ఆగింది. "ఎవరి మాట వాళ్ళే అనాలి. ఒకరికోసం ఒకరు అంటే చెల్లదు. మీ అమ్మగారిని పరదా దగ్గర కూర్చోబెట్టారు. చూశారా?"

మెకానిక్ చూశాడు. పరదా అంచు కొంచెం కదులుతోంది. గాలి లేదు.

అతను భార్యని పక్కకి లాగి, విన్నదంతా చెప్పాడు. మామూలప్పుడైతే ఆవిడ పది ప్రశ్నలు వేసేది. ఇప్పుడు ఒకటే వేసింది.

"పోతున్నానంటే చాలా?"

"అంతేనంట."

"ఆ ఒక్క మాటకేనా ఈ తిప్పలన్నీ? ఇన్నేళ్ళూ నేనంటూనే ఉన్నాను, మీ అమ్మ చేత తిట్లు తింటూనే ఉన్నాను." ఆవిడ నేరుగా ఇంటావిడ ముందుకెళ్ళి నిలబడింది. "పోతున్నాను," అంది.

ఇంటావిడ గరిటె దించింది. "సరే. పో."

మెకానిక్ కూడా అన్నాడు. నాలుక మీద ఇసుక పడ్డట్టనిపించింది, అయినా అన్నాడు. పాపకి అదో ఆటైపోయింది. ఒంటికాలి మీద గెంతుతూ, "పోతున్నా, పోతున్నా, నేను పోతున్నా," అని పాటలా అందుకుంది. ఇంటావిడ పాప వైపు చూసి, దానికీ తల ఊపింది.

మిగిలింది తల్లి.

ఆవిడ బల్ల మీంచి ఇదంతా చూస్తూ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏం మాటల్రా అవి. పసిదాని చేత కూడానా."

మెకానిక్ ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. షెడ్డులో కుర్రాళ్ళకి పని నేర్పేటప్పుడు చెప్పినట్టు మెల్లగా, మొదట్నుంచీ చెప్పాడు. ఆవిడ వింది. అర్థమైంది కూడా. రోడ్డు తిప్పుతున్నది తన మాటేనని తెలిశాక ఆవిడ ముఖం చిన్నబోయింది.

"అయితే నా వల్లేనా?"

"నీ వల్లని కాదు. ఒక్కసారి ఆ మాట అనేస్తే ఇంటికెళ్ళిపోతాం."

"అనలేను నాయనా."

"ఎందుకనలేవు? ఒక్క మాట."

"నీకు తెలుసు ఎందుకో."

తెలుసు. ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి అది. అతను బడికెళ్ళే వయసులో ఒక పొద్దున తండ్రి టిఫిను డబ్బా దగ్గర ఏదో చిన్న గొడవపడి, గుమ్మంలో "పోతున్నా" అని విసురుగా అనేసి పనికి వెళ్ళాడు. సాయంత్రం నలుగురు మోసుకొచ్చారు. మిల్లులో గోడ కూలిందన్నారు.

"వెనక్కి పిలుద్దామనుకున్నాను," అంది తల్లి, చాలా చిన్న గొంతుతో. "వెళ్ళొస్తాననండి, అని చెబుదామనుకున్నాను. చేతులకి పిండి ఉంది. కడుక్కునేలోపల మలుపు తిరిగిపోయారు. కాలు జారితే తీసుకోవచ్చురా. నోరు జారితే తీసుకోలేం. నా నోటితో ఆ మాట అంటే నీకో, పాపకో..."

"అమ్మా, ఇక్కడ ఆ మాటకి అర్థం వేరే."

"మాటకి ఊరికో అర్థం ఉంటుందా?"

పరదా వెనక చెంచాల చప్పుడు ఆగిపోయింది.

అన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

మెకానిక్‌కి కోపం వచ్చింది. భయపడ్డ మనిషికి వచ్చే కోపం అది, దానికి కళ్ళుండవు. "నీ మర్యాదే మమ్మల్ని ఇక్కడ పాతేస్తుంది. గేటు దగ్గర ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి... ఎవడడిగాడు నీ మర్యాద? నాన్న పోయింది మాట వల్ల కాదు, గోడ వల్ల. ఇన్నేళ్ళుగా ఆ గోడ మోస్తున్నావు, మా చేత మోయిస్తున్నావు."

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. తల్లి ఏడవలేదు. అతని చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే, పెట్టింది.

"మీరు వెళ్ళండి," అంది. "పాపని తీసుకుని వెళ్ళండి. నేను తర్వాత..."

"తర్వాత ఏమంటావ్? వస్తానంటావా?"

ఆవిడ మళ్ళీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పరదా పక్కకి జరిగింది. లోపల దీపం లేదు. తడిసిన ఉన్ని వాసన, ఆరిపోయిన బూడిద వాసన కలిసి చల్లగా బయటికొచ్చాయి. ఆ చీకట్లో కూర్చున్నవాళ్ళు కనిపించలేదు. వాళ్ళందరూ ఇటు తిరిగారని మాత్రం తెలిసింది... బల్లలు కిర్రుమన్నాయి.

ఇంటావిడ తల్లి భుజం మీద చెయ్యి వేసింది. చాలా ఆప్యాయంగా. "పెద్దావిడా, ఇక్కడ చలి. లోపలికి రా. నీకోసం చోటుంచాను."

పిలిస్తే లేవకపోవడం తల్లికి చేతకాదు. లేచింది. మెకానిక్ ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. బోల్టు పట్టినట్టు పట్టుకున్నాడు. ఎముక చేతికి తెలుస్తోంది.

"అమ్మా... అనవే."

ఆవిడ ఒక అడుగు వేసింది. అతని కాలు జారింది.

"అత్తయ్యా," అంది భార్య వెనకనుంచి. "ఒక్కసారికి నా మీద కోపమొచ్చిందనుకోండి. నన్ను తిట్టేసి పోతున్నాననుకోండి."

తల్లి పరదా కింద గడప దగ్గర ఆగింది. ఆ చీకటి వైపు చూసింది. కొడుకు ముఖం చూసింది. నోరు తెరిచింది.

"పోతున్నాను."

స్పష్టంగా వినిపించింది. ఆవిడ గొంతే. వంటింట్లోంచి పిలిచే ఆ గొంతే, కొంచెం బొంగురు, కొంచెం గద్దింపు.

ఇంటావిడ చెయ్యి తీసేసింది. ఆవిడ తల్లి వైపు చూడలేదు. తల్లి భుజం పక్కగా, కొంచెం వెనక్కి చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో విసుగులాంటిదేదో ఉంది.

"సరే," అంది. "పొండి."

అతను ఇంక ఆగలేదు. తల్లిని నడిపించాడో మోశాడో తెలియదు. కాలరాయన తల దించుకుని తింటూనే ఉన్నాడు. భార్య ముందు సీట్లో పడింది, పాప వెనక నానమ్మ పక్కన. తలుపులు మూసిన చప్పుడు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. వాకిట్లో ఎవరూ చెయ్యి ఊపలేదు. వీళ్ళలో ఎవరూ వెనక్కి తిరగలేదు.

మలుపు. తెల్ల రాళ్ళు. ఇంకో మలుపు. అతను ముక్కుతో రోడ్డు నడిపాడు, ఆ పొగ వాసన కోసం భయపడుతూ. రాలేదు. పచ్చి ఆకుల వాసన వచ్చింది. తర్వాత ఎవరో డీజిల్ మండించిన వాసన. అది అతనికి అత్తరులా తోచింది. మంచు పలచబడింది. రిసార్టు గేటు వచ్చి వెనక్కిపోయింది. ఆగిపోయిన పొద్దు కాస్తా చకచకా కుంకిపోయి మామూలు చీకటి పడింది. ఆ చీకట్లో, లోయ అడుగున, కింద ఊరి దీపాలు గుప్పెడు మెరిశాయి.

భార్య గట్టిగా ఊపిరి వదిలింది. "ఇంక కొండల ఊసెత్తితే నా చెయ్యి విరిచెయ్యండి," అంది.

మెకానిక్‌కి నవ్వొచ్చింది. ఇందాక అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. దాన్ని దాచుకోవడానికి గొంతు పెంచాడు.

"చూశావా అమ్మా, అంటే ఏమైంది? నోరేమన్నా కాలిందా? ఇన్నేళ్ళూ ఊరికే భయపడ్డావు."

అతను గేరు మార్చి, మళ్ళీ పిలిచాడు.

"అమ్మా, నిద్రపోయావా?"

"నేననలేదురా," అంది తల్లి.

"ఏమిటి?"

"నోరైతే తెరిచాను. మాట రాలేదు. నా పక్కనుంచి, ఆ పరదా వైపునుంచి ఎవరో అన్నారు." ఆవిడ ఆగింది. "నా గొంతే. అచ్చం నా గొంతే. కానీ నేను మాత్రం అనలేదు."

భార్య వెనక్కి తిరగబోయి, ఎందుకో మానేసింది. "భయంలో మీకు తెలిసుండదు అత్తయ్యా. మేమందరం విన్నాంగా," అంది రోడ్డు వైపే చూస్తూ.

పెద్ద మలుపొచ్చింది. మెకానిక్ చక్రం పూర్తిగా తిప్పాడు. వెనక ఎడమవైపు నుంచి "స్ర్‌ర్..." అని టైరు తన పైనున్న రేకుకి రాసుకున్న చప్పుడు.

ఆ కారుని నట్టు నట్టూ విప్పి బిగించిన మనిషి అతను. ఆ చప్పుడు ఎప్పుడొస్తుందో అతనికి తెలుసు. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు నిండుగా కూర్చుంటే, బండి వెనక కుంగి, ఎడమ టైరు రేకుకి తగులుతుంది. పెళ్ళిళ్ళకి బావమరుదులు ఎక్కినప్పుడు తగిలింది. మామూలప్పుడు ఎన్నడూ తగల్లేదు. వెనక ఉన్నది ఎండు కట్టెలాంటి తల్లి, నిద్రపోతున్న పాప.

"ఏమిటా చప్పుడు?" అంది భార్య.

"రోడ్డు," అన్నాడు.

ఊరి దీపాలు దగ్గరవుతున్నాయి. తర్వాతి మలుపులో అతను బాగా నెమ్మది చేశాడు. అయినా తగిలింది. ఈసారి ఇంకాస్త గట్టిగా.

వెనక సీటు కిర్రుమంది. చీర గరగరలాడింది. అతను చూడకూడదనుకుంటూనే అద్దంలోకి కళ్ళెత్తాడు. తల్లి నిద్రపోతున్న పాపని ఒళ్ళోకి ఎత్తుకుంది. పక్కకి చూడకుండా, నోరు మెదపకుండా, బస్సులో ఎవరికైనా చోటిచ్చినట్టు, కిటికీ వైపుకి సర్దుకుని కూర్చుంది.